బడిబాటలో పనిముట్ల పరీక్ష

మన పాఠశాలకు తూర్పుననున్న పల్లె నుండి పిల్లలు నడచివచ్చు కాలిబాట, గడచిన రెండు వానకాలములలో లంటానా కంపచే మూసికొనిపోయిన సంగతి తల్లిదండ్రులు ఎరిగినదే. బాట తెరచియున్న దినములలో ఆ పిల్లలు అరగంటలో బడి చేరుచుండిరి. అది మూసికొనిన పిమ్మట లారీలు తిరుగు పెద్దరోడ్డు వెంట చుట్టు తిరిగి రావలసివచ్చెను. ఆ పల్లె నుండి మన తెలుగు తరగతులకు వచ్చువారు పదునలుగురు. వారిలో ఇద్దరిని, వాకిటికే బండి వచ్చు వేరొక బడిలో చేర్పింపనెంచి, వారి తండ్రులు మాయొద్ద బదిలీ పత్రముల మాట ఎత్తిరి. ఆ బడిలో తెలుగు చెప్పరు. బిడ్డ క్షేమమునకై తండ్రి పడు ఆందోళనను కాదనుటకు మాకు నోరు రాలేదు. బాటను తెరచి చూపిన తరువాతనే ఆ పత్రముల సంగతి మాటలాడుదమని మాత్రము కోరితిమి.

ఈ హోసూరు, డెంకణికోట ప్రాంతములలో కత్తి చేతబట్టి పొదలలోనికి పోవుటకు ముందు తెలిసికొనవలసినవి కొన్ని కలవు. 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడిన కొండలు మనకు దూరముగా లేవు. ఏనుగులు ఆ కొండలు దిగి పొలములకు వచ్చుట మనమెరుగని వింత కాదు. మన బాట గ్రామ పోరంబోకు నేలలోనిది, అడవి సరిహద్దు రాళ్ళకు ఈవలిది. అయినను పంచాయతీవారి అనుమతిని వ్రాతమూలముగా పొంది, అటవీ సిబ్బందికి తెలియజేసి, ఎండ బాగుగా ఎక్కిన తరువాత పని ప్రారంభించి, సాయంకాలము నాలుగు గంటలకు ముగించుచు వచ్చితిమి. పచ్చని చెట్టు నొక్కదానినైనను నరకలేదు. లంటానా పొదల నీడలో అచ్చటచ్చట చందనపు మొలకలు కనబడెను. పక్షులు విత్తనములను తెచ్చి వేయుటచే అవి కంపల నడుమ మొలచును. వాని చెంత సున్నము పూసిన పుల్లలు పాతి, గుర్తుపెట్టి విడిచితిమి. చందనపు చెట్టును కొట్టుటకు అటవీశాఖవారి అనుమతి కావలెనని పిల్లలకు ఆ చోటనే చెప్పితిమి.

పనికి వచ్చిన తల్లిదండ్రులు ఎవరి ఇంటి పనిముట్టును వారు తెచ్చిరి. అవన్నియు ఒకచోట పరచి చూచినప్పుడు ఇంతకన్న మంచి పాఠ్యవస్తువు దొరకదని తోచెను. బజారున కొన్న చేగొడ్డలి యొకటి. దాని తల అద్దమువలె మెరయుచుండెను, పట్టుకొను భాగము ఇనుప గొట్టము, దానిపై రబ్బరు తొడుగు. మన ఊరి కమ్మరి చేసిన చేగొడ్డలి యొకటి. నల్లనిది, ఒడలెల్ల సుత్తి దెబ్బల గుర్తులు గలది. లారీ కమాను పట్టీలతో చేసిన మచ్చుకత్తులు మూడు. బెంగుళూరిలో పనిచేయు ఒక తండ్రి తెచ్చిన, తుప్పు పట్టని ఉక్కుతో చేసిన వనవిహారపు కత్తి యొకటి. దానికి నల్లని ఒరయు, ఒరకొక చిన్న దిక్సూచియు నుండెను. గడ్డి కోయు కొడవళ్ళు నాలుగైదు. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులకు కత్తులీయక నోటుపుస్తకములిచ్చితిమి. ఏ పనిముట్టు ఏ కొమ్మను ఎన్ని దెబ్బలకు తెంచినది, సాయంకాలమునకు దాని అంచు ఎట్లున్నది, ఇవి వ్రాసికొనుట వారి పని.

వ్రాయుటలోనే మొదటి చిక్కు వచ్చెను. గొడ్డలిని పట్టుకొను కఱ్ఱను 'కామ' యందురని తరగతిలో ముగ్గురికే తెలియును. తక్కినవారందరు 'హ్యాండిల్' అని వ్రాసిరి. కత్తికైనచో పిడి, గొడ్డలికైనచో కామ, నాగలికైనచో మేడి. పట్టుకొను చోటు అన్నిటికి నొక్కటియే కాదు గనుక పేరును ఒక్కటి కాలేదు. ఇరుగుపొరుగు భాషలతో పోల్చి చెప్పగా పిల్లలకు ఉత్సాహము కలిగెను. మన గొడ్డలియే కన్నడమున కొడలి, తమిళమున కోడాలి. మచ్చు అను మాట కన్నడమువారికిని మనకును ఉమ్మడి సొత్తు.

పనిముట్టును పనిలో పెట్టుటకు ముందే చేయదగిన పరీక్షలు మూడు కలవు. అంగడిలో నిలిచియే వానిలో రెంటిని చేయవచ్చును. గొడ్డలి కామ చివరను కంటికి దగ్గరగా పట్టి వెంబడి చూచినచో, అంచును కామయు ఒక్క గీతలో నుండవలెను. అంచు ప్రక్కకు తిరిగియున్నచో ప్రతి దెబ్బయు జారును, జారిన దెబ్బ కాలికి వచ్చును. కామ తొడుగని తలయైనచో దారమున వ్రేలాడదీసి చిన్న సుత్తితో తట్టి వినవలెను. గణగణ మ్రోగినది మంచిది. పగిలిన కుండవలె పలికినదానిలో బీట యుండవచ్చును. మూడవది ఆకురాయి పరీక్ష. ఇంటికి తెచ్చిన పిదప అంచున ఒక మూలను ఆకురాతితో మెల్లగా రాయవలెను. రాయి గాజుపై వలె జారిపోయినచో ఆ అంచు మిక్కిలి గట్టిది. మెత్తని ఇనుము వలె సులభముగా రాలినచో అది మిక్కిలి మెత్తనిది. కొంచెము పట్టుచు, కొంచెము జారుచునున్నది గొడ్డలికి తగినది. మా పరీక్షలో మెరుపు గొడ్డలి అంచు ఆకురాతికి సులభముగా లొంగెను. వనవిహారపు కత్తిపై రాయి జారెను. ఊరి గొడ్డలి నడిమి గుణము గలదిగా కనబడెను. ఈ తీర్పును అప్పుడే ఎవరికిని చెప్పక నోటుపుస్తకములలో మాత్రము వ్రాయించితిమి. బాట ఏమి చెప్పునో చూడవలెను గదా.

మొదటి శనివారము పని యంతయు లంటానాతోనే సరిపోయెను. ఈ మొక్క మన దేశపుది కాదు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున పూల సొగసునకై తోటలలో పెంచుటకు తేబడినది. పక్షులు దాని పండ్లు తిని విత్తనములను వెదజల్లగా అడవులను, బీళ్ళను ఆక్రమించినది. దీని ఆకు తిన్న పశువు జబ్బుపడును; కావున మేతకును పనికిరాదు. దీని కాండములు బొటనవ్రేలి లావున గుంపుగా పెరిగి ఒకదానితో నొకటి పెనవేసికొనును. చేగొడ్డలితో కొట్టినచో కాండము వెనుకకు వంగి దెబ్బను మ్రింగివేయును. మెరుపు గొడ్డలియైనను, నల్ల గొడ్డలియైనను ఇక్కడ ఒక్కటే. వనవిహారపు కత్తి తేలికయైనదగుటచే కాండములో సగము దిగి ఆగిపోవుచుండెను. పైగా పొట్టిది గావున ప్రతి దెబ్బకును చేయి ముండ్లలోనికి పోవలసివచ్చెను. మచ్చుకత్తికి బరువు ముందుభాగమున నుండును, కొసనున్న వంపు కాండమును జారనీయక పట్టును. ఏటవాలుగా వేసిన ఒక్క దెబ్బకు కాండము తెగెను. కొడవలి గడ్డికే గాని కంపకు కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఎంత మంచి మచ్చుతో నరికినను లంటానా చావదు. పైన నరికిన మోడు నుండి తొలకరికి ఒకటికి పదిగా పిలకలు వచ్చును. ఇదివరలో ఏటేట నరికియు బాట నిలువకపోవుటకు కారణమిదియే. కాండము వేరుగా మారు చోటు నేలకు కొంచెము దిగువన నుండును. గునపముతో మన్ను తీసి, అంగుళము రెండంగుళముల లోతున తల్లివేరును తెంచి, మొదలును పెల్లగించి తలక్రిందులుగా వేసినచో అది మరల చిగిర్చుట అరుదు. మంటిలో కొట్టిన అంచు నిమిషములో చెడును గావున ఈ పనికి మంచి గొడ్డలిని వాడరాదు. అరిగిపోయిన పాతదానిని దీనికై వేరుగా ఉంచుకొనవలెను. బాటకు ఇరుప్రక్కల రెండేసి బారల మేర ఈ విధముగా వేళ్ళతో తీసితిమి. చిన్నపిల్ల సహితము మలుపు దాటకముందే ముందేమున్నదో చూడగలుగవలెనని మా ఉద్దేశము. బదిలీ పత్రముల మాట ఎత్తిన తండ్రులలో నొకరు ఆ దినమంతయు గునపము విడువలేదు. వారి బిడ్డ ఇప్పుడు ఆ బాటననే వచ్చుచున్నది. రెండవవారు ఒక వానకాలము గడచిన తరువాత చూతమనిరి. అది న్యాయమైన మాటయే.

రెండవ శనివారము బాటకడ్డముగా పడియున్న ఎండు నల్లతుమ్మ కొమ్మలను, వెదురు మోపులను తీయవలసివచ్చెను. వెదురులో ఇసుకయందలి సిలికా యను పదార్థముండును. అది ఏ అంచునైనను త్వరగా మొద్దుచేయును. వెదురును అడ్డముగా కొట్టినచో నలుగును. ఏటవాలుగా కొట్టినచో తెగును. ఎండు తుమ్మ సంగతి వేరు. ముంజేతి లావు కొమ్మను ఊరి గొడ్డలి పందొమ్మిది దెబ్బలకు తెంచెను. అదే లావు కొమ్మకు అదే మనిషి మెరుపు గొడ్డలితో ముప్పది దెబ్బలు వేయవలసివచ్చెను. గొట్టపు కామ దెబ్బ అదురును తిన్నగా మోచేతికి పంపుచున్నదని ఆయన చెప్పెను. పిదప, వలదని చెప్పుచున్నను వినక, ఒకరు వనవిహారపు కత్తిని తుమ్మపై పరీక్షించిరి.

సాయంకాలము పనిముట్లన్నిటిని మరల పరచి అంచులను చూచితిమి. తల్లిదండ్రులు ముఖ్యముగా తెలిసికొనవలసినది ఈ చూపే. అంచును వెలుతురునకు ఎదురుగా పట్టవలెను. నిజమైన పదును కంటికి కనబడదు. మొద్దుబారిన చోట తెల్లని సన్నగీత మెరయును. ఆ గీత ఎచ్చట నున్నదో, ఏ ఆకారమున నున్నదో చూచినచో ఉక్కు గుణము తెలియును. చెడిన అంచు రెండు విధములుగా చెడును. ఒకటి మడతపడుట, రెండవది తునకలు రాలుట. వెన్నువైపు నుండి అంచువైపునకు గోటిని మెల్లగా జార్చినచో (అంచు వెంబడి ఎన్నడును జార్చరాదు) మడతపడిన అంచు ఒక ప్రక్కను గోటికి తగులును. మెరుపు గొడ్డలి అంచు పొడవునను ఇట్లు తగిలెను. అది మెత్తని ఇనుము. వనవిహారపు కత్తికి నెలవంకల వంటి రెండు గంట్లు పడెను. అది గట్టిదే గాని పెళుసు. మాంసము, తాడు, పండ్లు కోయుటకు చేసిన సన్నని అంచును ఎండు తుమ్మపై కొట్టినచో వేరొకటి జరుగదు. దానిని చెడ్డ కత్తి యనుటకు వీలులేదు, చెడ్డ పనికి పెట్టబడిన కత్తి యనవలెను. మమ్ము ఆశ్చర్యపరచినది మచ్చుకత్తుల సంగతి. మూడును ఒకే కమ్మరి చేసినవి, మూడును కమాను పట్టీలే. అయినను రెంటికి ఏమియు కాలేదు, క్రొత్తదైన మూడవదానికి కత్తి వలెనే తునకలు రాలెను.

ఈ సందేహముతోనే విద్యార్థులను కమ్మరి కొలిమికి తీసికొనిపోతిమి. ఆయన మాటలాడక, ముందుగా మెరుపు గొడ్డలి మూలను తిరుగు సానకు ఆనించెను. నిప్పురవ్వలు పొడవైన గీతలుగా పోయి ఆరిపోయెను. పిమ్మట కమాను పట్టీ ముక్కను ఆనించెను. రవ్వలు కాకరపువ్వొత్తి వలె కొసన విచ్చుకొనెను. అట్లు విచ్చుకొనుట ఇనుములోని కర్బనముచే కలుగును. కమాను పట్టీలో నూటికి సుమారు అరపాలు, అంతకు కొంచెము మించి కర్బనముండును. ఆ కొంచెము కర్బనము లేనిచో ఇనుమును ఎంత కాల్చి ముంచినను గట్టిపడదు. కావున మెరుపు గొడ్డలికి వైద్యము లేదు. తరచు సానపట్టి వాడుకొనుటయే.

పెళుసు మచ్చు మాట వేరు. ఉక్కును ఎర్రగా కాల్చగా సుమారు 770 డిగ్రీల వేడికి అది అయస్కాంతమునకు అంటుట మానును. విద్యార్థులు తెచ్చిన అయస్కాంతముతో దీనిని కన్నులార చూచిరి. అంతకు కొంచెము మించి కాల్చి నూనెలో ముంచినచో ఉక్కు గాజువలె గట్టిపడును, గాజువలెనే పెళుసగును. ఇక్కడితో పని ముగిసినదనుకొనుటయే పొరపాటు. దానిని తోమి తెలుపుచేసి, వెన్నువైపు నుండి మెల్లగా మరల వేడిచేయవలెను. అప్పుడు లోహముపై రంగులు నడచివచ్చును. సుమారు 230 డిగ్రీలకు వరిగడ్డి రంగు, 255కు తేనెవంటి గోధుమరంగు, 280కి వంకాయ రంగు, 300కు నెమలికంఠపు నీలిమ. రంగు ముందుకు పోయినకొలది గట్టితనము తగ్గును, పెళుసుతనమును తగ్గును. సన్నగా కోయు కత్తికి గడ్డిరంగు చాలును. దెబ్బ తినవలసిన మచ్చుకు, గొడ్డలికి వంకాయ రంగు వరకు పోవలెను. "గడ్డిరంగులోనే తీసుకోనిపోతిరి అయ్యవారూ, బస్సుకు టైమాయెనని ఒకటే తొందర. వంకాయరంగు వచ్చేదాకా కూర్చోమంటే కూర్చున్నారా?" అని కమ్మరి ఆ మూడవ మచ్చు యజమానిని చూపి నవ్వెను. ఆ మచ్చును మా యెదుటనే మరల వేడిచేసి సరిదిద్దెను. రాలిన గంట్లు పోవునట్లు సానపట్టి తుమ్మపై కొట్టి చూచితిమి. అంచు చెదరలేదు.

కొలిమి నుండి తిరిగి వచ్చుచు ఉక్కు అను మాటను గూర్చి ముచ్చటించుకొంటిమి. తెలుగున, కన్నడమున నున్న ఈ చిన్న మాటయే రూపుమారి ఆంగ్లమున 'వూట్జ్' అయినదని పండితులు పలువురు చెప్పుదురు. ఆ పేర మన దక్షిణదేశపు మూస ఉక్కును గూర్చి 1795లో లండను రాయల్ సొసైటీ పత్రికలో జార్జి పియర్సను వ్రాసెను. 1819లో మైకేల్ ఫారడే దానిని పరిశోధించెను. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో ఆ ఉక్కు చేయు విధమును గూర్చి హెన్రీ వాయిసీ వ్రాసిన వ్యాసము 1832లో అచ్చయ్యెను. ఆ ఉక్కులో నూటికి ఒకటిన్నర పాళ్ళ వరకు కర్బనముండెడిది. మన పిల్లలు దీనిని తెలిసికొని గర్వించుట మంచిదే. కాని పూర్వుల ఉక్కును పొగడుటచే మన యింటి కొడవలికి పదును రాదు. అందుచే ఈ ముచ్చటకు ఇంతకన్న చోటీయము.

కామ మాట చెప్పవలసియున్నది. మంచి తలకు చెడ్డ కామ తొడిగినచో ఆ గొడ్డలి ప్రాణాపాయకరము. మన ప్రాంతమున చిరుమాను, నల్లతుమ్మ కామలకు పేరుపొందినవి. చిరుమాను గట్టిది, వంగు గుణము గలది, అదురును తనలో నణచుకొనును. బండి ఇరుసులకు దానినే వాడుట అందుకే. కామ చివర కోసిన ముఖమున కొయ్య రేఖలు కనబడును. అవి గొడ్డలి అంచు దిశకు సమాంతరముగా నుండవలెను; అడ్డముగా నున్నచో కామ దెబ్బకు నిలువునా చీలును. తల వదులైనప్పుడు నీటి తొట్టిలో నానవేయుట మన యిండ్లలో వాడుక. కొయ్య ఉబ్బి బిగిసినట్లు కనబడును గాని, ఉబ్బినప్పుడు ఇనుము ఒత్తిడికి లోపలి పొరలు నలిగి, ఎండిన తరువాత మునుపటికన్న వదులగును. క్రొత్త చీల దిగగొట్టుటయే సరియైన ఉపాయము.

పిల్లల చేతికి ఆయుధమిచ్చితిరా యని కొందరు తల్లులు అడిగిరి. ఈయలేదు. నరకువానికి ఇరుప్రక్కల నాలుగు బారల దూరములో ఎవరును నిలువకుండ తాడు కట్టితిమి. నరికి వేసిన కంపను, పని ఆపించిన తరువాతనే, చేతితొడుగులతో పిల్లలు లాగిరి. పొదను కొట్టుటకు ముందు పొడవైన కఱ్ఱతో కదిల్చి, పాములకును కందిరీగలకును తప్పుకొను వ్యవధి నిచ్చితిమి. పడియున్న కొమ్మను కొట్టువాడు కొమ్మకు ఈవల నిలిచి ఆవలి ప్రక్కను కొట్టవలెను. అప్పుడు గురి తప్పిన దెబ్బ కొమ్మకు తగులునే గాని కాలికి తగులదు. కత్తిని ఒకరికి అందించునపుడు పిడి వారివైపు నుండవలెను. ఈ సంగతులు ఇంటివద్దను పాటింపదగినవి.

క్రొత్తగా కొనదలచినవారు మాయొద్దకు వచ్చి ఏది కొనవలెనని అడుగుచున్నారు. ఇంట కంపయు, కట్టెయు కొట్టుకొనువారికి నిదానముగా చేయించుకొన్న మచ్చుకత్తి యొకటి, చిరుమాను కామ గల చేగొడ్డలి యొకటి చాలును. పని ముగిసిన వెంటనే తుడిచి, అంచుకు ఆముదమో కొబ్బరినూనెయో రాయవలెను. తుమ్మను కొట్టిన ఉక్కు నల్లబడినచో భయపడనక్కరలేదు. తుమ్మలోని వగరు పదార్థము ఇనుముతో కలిసి నల్లని రంగగును. పూర్వము వ్రాతసిరా చేసినది ఈ విధముననే. అది తుప్పు కాదు. పాత సైకిలు టైరును కోసి కుట్టిన ఒర, కొన్న ఒరకు తీసిపోదు. తోలు ఒరలో తడి నిలుచును గావున కత్తిని దానిలో నెలల తరబడి ఉంచరాదు.

బాటపని పనిముట్లు ఇప్పుడు పాఠశాల సామానుగదిలో తాళములో నున్నవి. తొలకరి వానలు పడిన మూడవ వారమున లంటానా పిలకలను వేళ్ళతో తీయుటకు మరల పోవలసియుండును. దానికి గునపములు నాలుగు తక్కువైనవి. ఇండ్లలో నున్నవారు పంపినచో పుస్తకమున వ్రాసికొని, పని ముగియగానే తిరిగి చేర్చుదుము. సానరాయి వరండాలో నీటితొట్టి ప్రక్కన నున్నది. శనివారము మధ్యాహ్నము తల్లిదండ్రులు తమ కత్తులను తెచ్చి పదును పట్టుకొనవచ్చును, పిల్లలచే పంపరాదు.